చింతచెక్క పెన్నులో తొర్రలు: సూపర్‌గ్లూ పోసినా ఊడొస్తోంది, ఎందుకు?

బుడిపెచెక్క:
స్లిమ్‌లైన్ (సన్నటి కిట్ రకం) పెన్ను, చింత బుడిపె ముక్క. చెక్క లోపల 7 మి.మీ. ఇత్తడి గొట్టం ఆరల్‌డైట్ (ఎపాక్సీ జిగురు)తో అంటించాను. లేతు మీద తిప్పుతుంటే రెండు తొర్రలు బయటపడ్డాయి. ఒకటి సన్నటి పురుగుచిల్లు. రెండోది బియ్యపుగింజంత, అందులోంచి గొట్టం మెరుస్తోంది. పల్చటి సూపర్‌గ్లూ నిండా పోసి యాక్సిలరేటర్ (జిగురు త్వరగా బిగిసేలా చేసే స్ప్రే) కొడితే తెల్లగా నురగ కట్టింది, ఉలి తగలగానే పెచ్చులా లేచిపోయింది. చెక్క ఇంకా 11 మి.మీ. లావుంది. ఏం చేయాలి?

లేతుపని:
ఒక్కసారే నిండా పోయడం వల్ల వచ్చిన తంటా ఇది. సూపర్‌గ్లూ తేమ తగిలి బిగుస్తుంది. పల్చటి పొరైతే వెంటనే పట్టేస్తుంది. మడుగులా నిలిస్తే పైన మీగడ కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. దానిమీద యాక్సిలరేటర్ పడితే ఒక్కసారిగా వేడెక్కి ఉడుకుతుంది, ఆ నురగంతా బుడగలే. ఉలికి ఎలా ఆగుతుంది?

ఇప్పుడే పూడ్చకండి. స్లిమ్‌లైన్ బుషింగ్ (చెక్క చివర్లలో పెట్టే, పెన్ను చివరి లావు చూపే ఉంగరం) సుమారు 8.4 మి.మీ. కాబట్టి దానికి ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉండేదాకా దించండి, ఈలోపు కొత్త తొర్రలు బయటపడినా పడతాయి. అంచులు పొడిపొడిగా ఉంటే అక్కడ మాత్రం పల్చటి జిగురు ఒక చుక్క తాగించండి.

ఆ తర్వాత లేతు ఆపి, తొర్ర పైకి వచ్చేలా తిప్పుకుని, పాత నురగ సూదితో గీకేయండి. కనబడే ఇత్తడిని కూడా గీరి, అగ్గిపుల్ల మొనతో నల్ల యాక్రిలిక్ రంగు పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. (మరో పెన్నుకైతే అంటించకముందే గొట్టానికి రంగేస్తే ఈ బాధే ఉండదు.) ఇక పొడి. ఒక మిల్లీమీటరు మందం వేసి పళ్ళపుల్లతో గట్టిగా అదమండి, సూదిమొనతో పల్చటి జిగురు ఒకే చుక్క వదలండి. పొడి దాన్ని పీల్చుకుని ముదురుతుంది. పది పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ పొడి, మళ్ళీ చుక్క. చివరి పొర చెక్క కంటే కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి. యాక్సిలరేటర్ వద్దు. రాత్రంతా వదిలేసి, పొద్దున బాగా నూరిన ఉలితో సన్నటి కోతలు పెట్టండి.

పురుగుచిల్లుకు పొడి అక్కర్లేదు, మీడియం చిక్కదనం ఉన్న సూపర్‌గ్లూ రెండు విడతలు చాలు.

బుడిపెచెక్క:
పొడి అంటే అదే చెక్క రంపంపొట్టా? బేకింగ్ సోడా పనికొస్తుందా?

చేవచెక్క:
సోడా వద్దు. క్షణంలో బిగుస్తుంది నిజమే, కానీ తెల్లటి మచ్చ మిగులుతుంది, చుట్టూ ఉన్న చెక్క కంటే గట్టిగా ఉండి శాండ్‌పేపర్ పట్టినప్పుడు గుబ్బలా నిలుస్తుంది.

అదే చెక్క పొట్టు వాడినా రంగు కలవదు, జిగురు తాగితే ముదురైపోతుంది. చింత పైచెక్క లేత పసుపు, చేవ ఊదా కలిసిన ముదురు గోధుమ. పైచెక్కలో పొట్టు వేస్తే మురికిలా కనబడుతుంది. బాగా ఎండబెట్టిన కాఫీ పిప్పి వేయండి, సహజమైన ముడిలాగే ఉంటుంది. తడి మిగిలితే మళ్ళీ నురగే.

ఇంకొకటి. పైచెక్కలోకి పల్చటి జిగురు పాకితే తొర్ర చుట్టూ తడిమచ్చలా మిగిలిపోతుంది. చివర్లో పెన్నంతా సూపర్‌గ్లూ ఫినిష్ ఇస్తే ఆ మచ్చ చాలావరకు కలిసిపోతుంది. మైనం పాలిష్ అయితే దాగదు, అందుకే జిగురు పోయకముందే చుట్టూ షెల్లాక్ (లక్క వార్నిష్) ఒక పూత వేయాలి. స్టీలు బుషింగులు ఉంచి శాండ్‌పేపర్ పట్టకండి, నల్లపొడి లేత చెక్కలోకి దిగుతుంది.

లేతుపని:
తొర్ర వెడల్పు 3 మి.మీ. దాటితే సూపర్‌గ్లూ కంటే ఎపాక్సీలో పొడి కలిపి నింపడం మేలు. ఐదు నిమిషాల రకం కాస్త మెత్తగానే ఉంటుంది, ఉలి వేడికి సాగుతుంది. నెమ్మదిగా బిగిసే రకం వాడి 24 గంటలు ఆగండి.

జిగురు తుడవడానికి నూలుగుడ్డ ముట్టుకోవద్దు, నూలు చేతితొడుగులూ వద్దు. సూపర్‌గ్లూ నూలులో ఇంకితే పొగలొచ్చేంత వేడెక్కి చర్మం కాలుతుంది. పేపర్ టవల్ వాడండి. కళ్ళద్దాలు పెట్టుకుని, కిటికీ తెరిచి పనిచేయండి.