గత్తంలో (పేడ ఎరువులో) ట్రైకోడెర్మా, రాక్ ఫాస్ఫేట్ ఎప్పుడు కలపాలి?

గంట్యాడ_వంగతోట: నిరుడు వంగలో సగం మొక్కలు ఎండు తెగులుకి పోయాయి. ఈసారి గత్తంలోనే ట్రైకోడెర్మా (తెగులు బూజుని అణిచే మేలు బూజు) పట్టిద్దామని. రెండు బళ్ల కుప్ప, వేసి నెల కాలేదు. రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉన్న రాతి పొడి) కూడా ఇప్పుడే కలిపేయొచ్చా? అజోస్పైరిల్లం (నత్రజని అందించే బ్యాక్టీరియా)? వానపాములు?

ఉద్దానం_కొబ్బరి: వానపాముల సంగతి తర్వాత. కుప్పలో చెయ్యి పెట్టి చూశారా? నేను మూడేళ్ల కిందట ఉడుకు కుప్ప మీద 4 కిలోలు చల్లేశాను, డబ్బులన్నీ బూడిదలో పోసినట్టే. లోపల 60 డిగ్రీల వేడి ఉంటే ఆ బూజు బతుకుతుందా? ఇనుప చువ్వ గుచ్చి, పది నిమిషాలాగి తీసి పట్టుకోండి, చుర్రుమంటే ఆగండి. చల్లారాక 90 కిలోల గత్తం, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి ఆరకుండా నీడలో గోనెలు కప్పి వారం పది రోజులు ఉంచాలి. రాక్ ఫాస్ఫేట్ మాత్రం ఇప్పుడే వెయ్యండి, కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలకే అది కొంచెం కొంచెంగా కరుగుతుంది.

టెక్కలి_అరటి: కొనడం ఎందుకండీ? మా వైపు గ్రానైట్ క్వారీ పొడి ఊరికే దొరుకుతుంది. బండికి రెండు తట్టలు కలుపుతాను, పొటాషంతా అందులోనే ఉంది.

బొబ్బిలి_మట్టిపరీక్ష: నేను సాయిల్ సైన్స్ చదివాను, పన్నెండేళ్లుగా ఇదే పని. పొటాష్ ఉన్న మాట నిజమే, కానీ ఫెల్డ్‌స్పార్ అనే రాతి ఖనిజంలో బిగుసుకుని ఉంటుంది, ఒక పంటకాలంలో మొక్కకి అందేది ఏపాటి? భాస్వరమైతే నామమాత్రం. రాక్ ఫాస్ఫేట్ బదులు అది వెయ్యమని చెప్పకండి.

టెక్కలి_అరటి: చదువు మీకుంటే తోట నాకుంది. గెల చూసి మాట్లాడండి.

బొబ్బిలి_మట్టిపరీక్ష: పొడి వెయ్యని సాలు ఒక్కటైనా వదిలి చూశారా? బూడిద కూడా వేస్తున్నారు కదా?

టెక్కలి_అరటి: వేస్తాను. అయితే ఏంటి? మా తాతల నాటి నుంచీ వేస్తున్నాం.

పలాస_జీడితోట: బూడిద మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, పచ్చి పేడ కుప్పలో బూడిద, సున్నం కలపకండి బాబూ. మా నాన్న కలిపినప్పుడల్లా ముక్కు మండే ఘాటు వచ్చేది. నత్రజని అమ్మోనియాగా గాలికి పోవడమే అది. 2018 తిత్లీ తుపానుకి చెట్లు పడిపోతే ఆ ఆకంతా గోతిలో వేశాం, ఎంత మంచి ఎరువో ఈ ఘాటుతోనే పోయిందని ఇప్పటికీ బాధ.

చీపురుపల్లి_అక్క: మీరిద్దరూ క్వారీ దగ్గరే ఆగిపోయారు. ముందు ట్రైకోడెర్మా ప్యాకెట్ మీద తేదీ చూడమని చెప్పండన్నా! షాపులో ఎండ తగిలేచోట పెట్టినది తెచ్చాను, నాలుగు నెలల కిందటే గడువు దాటింది. వారం తర్వాత గోనె తీస్తే పచ్చ బూజు చుక్క లేదు. కొత్తది తెచ్చి కలిపితే ఐదో రోజుకే తెల్లగా అల్లుకుని, పైన పచ్చపొడి చల్లినట్టు వచ్చింది. కార్బెండజిమ్ (బూజు తెగుళ్ల మందు) కలిపిన డ్రమ్ము కడక్కుండా వాడినా ఇది చచ్చిపోతుంది.

ఉద్దానం_కొబ్బరి: గంట్యాడ గారూ, ఎండిన మొక్క కాండం కోసి గ్లాసుడు నీళ్లలో నిలబెట్టారా? తెల్లగా పొగలా జిగురు దిగితే అది బ్యాక్టీరియా తెగులు. దానికి ట్రైకోడెర్మా ఒక్కటే చాలదు.

గంట్యాడ_వంగతోట: నిరుటివి పీకి కాల్చేశామండీ. ఈసారి మొదటి మొక్క వాలిన రోజే కోసి చూస్తాను. ఇందాక చువ్వ గుచ్చాను, పట్టుకోలేకపోయాను, ఇంకా ఉడుకుతోంది. రాక్ ఫాస్ఫేట్ రేపు కలిపేస్తున్నాను. అజోస్పైరిల్లం సంగతి ఎవరూ చెప్పలేదు.