బోల్ట్-ఆన్ చాపర్ కిట్: అన్నీ బిగించేయొచ్చా?

కిక్‌రాజా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1979 యమహా ఎక్స్‌ఎస్650 ఉంది. ఇంజిన్ మొన్ననే పూర్తిగా చేయించాను, దానికి ఢోకా లేదు. ఇప్పుడు బండిని చాపర్ (ముందు ఫోర్కు పొడుగ్గా వాలి ఉండే బండి) చేద్దామనుకుంటున్నా. ఛాసిస్ కోయడం, వెల్డింగ్ పెట్టడం మాత్రం వద్దు. రేపు మనసు మారితే మళ్లీ పాత బండిలా నిలబెట్టుకోవాలి. అందుకే బోల్టులతో బిగించే కిట్ ఒకటి చూసి పెట్టుకున్నా. వెనక హార్డ్‌టెయిల్ (షాకబ్జర్లు లేని బిగువు వెనక భాగం), ముందు కంపెనీవాటికన్నా 150 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్న ఫోర్కు ట్యూబులు, 5 డిగ్రీలు వాల్చిన టీ ప్లేట్లు (ఫోర్కు ట్యూబులను మెడకు పట్టి ఉంచే ప్లేట్లు), ఎత్తు హ్యాండిల్ ఇస్తున్నారు. రెండు రోజుల్లో అయిపోతుందట. నిజమేనా? నేనేమీ రేసులకు పోను, కానీ 80లో పోతుంటే హ్యాండిల్ వణక్కూడదు.

వైరింగ్ బాబాయ్

బిగించడం రెండు రోజుల పనే తమ్ముడూ. కిట్‌లో రానివాటికే ఎక్కువ రోజులు పడతాయి. ఎత్తు హ్యాండిల్ పెట్టగానే క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, ముందు బ్రేక్ హోస్, స్విచ్‌ల వైర్లు నాలుగూ పొట్టి అవుతాయి. హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి చూడు, మళ్లీ రెండో పక్కకు తిప్పి చూడు. ఏ ఒక్కటి బిగుసుకున్నా కొత్తది పొడుగుది కొను. ముఖ్యంగా యాక్సిలరేటర్ వైరు. హ్యాండిల్ తిప్పినప్పుడు ఇంజిన్ తనంతట తనే రేజ్ అయితే మలుపులో కొంప మునుగుతుంది. స్విచ్‌ల కరెంటు వైర్లను చుట్టి టేపు వేయొద్దు, టంకం పెట్టి స్లీవ్ తొడుగు.

తుప్పు స్పానర్

అన్నా, సూటిగా చెప్తా: ఆ టీ ప్లేట్లు కొనొద్దు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

ఫొటోలో బాగుండేది రేక్, అంటే ఫోర్కు ఎంత వాలి ఉందన్నది. బండి నడిచేది మాత్రం ట్రెయిల్ మీద. హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతను అలాగే నేలదాకా పొడిగించండి. ముందు టైరు నేలను తాకేది ఆ చోటుకు కాస్త వెనకగా. ఆ మధ్య దూరమే ట్రెయిల్. ఆఫీసు కుర్చీ కింద చక్రం తోసిన వైపుకే తిరిగి వెనక వెనకే వచ్చేది కూడా ఇందుకే. ట్రెయిల్ బాగా తగ్గితే వేగంలో హ్యాండిల్ ఊగులాడుతుంది. బాగా పెరిగితే మెల్లగా పోయేటప్పుడు ముందు చక్రం ఒక పక్కకు పడిపోతున్నట్టు బరువెక్కుతుంది, యూటర్న్‌లో భుజాలు పట్టేస్తాయి.

ఇప్పుడు మీ బండి లెక్క. రేక్ సుమారు 27 డిగ్రీలు, ముందు 19 అంగుళాల రిమ్, ట్రెయిల్ 110 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పాత టీ ప్లేట్లే ఉంచి ఫోర్కు 150 పెంచితే బండి ముక్కు లేస్తుంది, మెడ (హ్యాండిల్ ఇరుసు దూరే ఛాసిస్ గొట్టం) 5 డిగ్రీల పైచిలుకు వెనక్కి వాలుతుంది, ట్రెయిల్ దాదాపు 150కి పోతుంది. బరువుగా ఉంటుంది గానీ తిన్నగా పోతుంది. అదే ఫోర్కుకు వాల్చిన టీ ప్లేట్లు కలిపితే? ఇరుసు కోణం మెడ కోణంలోనే ఉండిపోతుంది, చక్రం మాత్రం ముందుకు జరుగుతుంది. ట్రెయిల్ 50 దగ్గరికి పడిపోతుంది. కంపెనీ పొడవు ఫోర్కుకు అవే ప్లేట్లు పెడితే 40 దగ్గరే. మీరు వద్దనుకున్న వణుకు అక్కడే పుడుతుంది. వాల్చిన ప్లేట్లు చెడ్డవని కాదు. మెడ కోసి బాగా వాల్చిన ఛాసిస్‌లో మితిమీరిన ట్రెయిల్ తగ్గించడానికి అవి పనికొస్తాయి. మీ మెడ కంపెనీది, దానికి ఆ మందు అక్కర్లేదు. నేనైతే ట్రెయిల్ 90కి దిగనివ్వను.

ట్యూబుల విషయంలో ఒక మాట. పాత ట్యూబు పైన మర తిప్పి బిగించే అతుకు ముక్కలు అమ్ముతారు, చవగ్గా దొరుకుతాయి. వాటి జోలికి పోకండి. మొత్తం పొడవు ఒకే ట్యూబుగా వచ్చేవే తీసుకోండి. లోపల స్ప్రింగు పాతదే అయితే పైన స్పేసర్ పెట్టాలి, లేకపోతే బ్రేక్ పట్టగానే ముక్కు దిగబడుతుంది. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి కోన్ సెట్టు (మెడలో హ్యాండిల్ తిరిగే బేరింగులు) కూడా మార్చేయండి. గుంటలు పడిన కోన్ సెట్టుతో ఏ ట్రెయిలూ కాపాడదు.

కిక్‌రాజా

అన్నా, పాత ట్రెయిల్ కొలిచాను. బండి నిటారుగా నిలబెట్టి, నన్ను నేను సీటు మీద కూర్చోబెట్టుకుని, తమ్ముడి చేత యాక్సిల్ మధ్య నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీయించాను. మెడ గీతకు పొడుగాటి కర్ర పెట్టించాను. 110 వచ్చింది, మీ మాటే. టీ ప్లేట్లు వదిలేస్తున్నా. మరి హార్డ్‌టెయిల్ సంగతి?

తుప్పు స్పానర్

హార్డ్‌టెయిల్ పెట్టండి, కానీ బిగించే చోట్లు చూడండి. ఇలాంటివి సాధారణంగా స్వింగ్ ఆర్మ్ పివట్ (వెనక చక్రాన్ని మోసే చేయి కీలు) దగ్గర, షాకబ్జర్ల పై మౌంట్ల దగ్గర పట్టుకుంటాయి. గుంతలో పడ్డ ప్రతి దెబ్బా ఇక ఆ మౌంట్లకే నేరుగా తగులుతుంది. పెయింటు గీకి, సన్నటి పగుళ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. పగులు కనిపిస్తే బోల్టు కిట్ ఆలోచన అక్కడితో ఆపండి. పివట్‌లో పక్కకు ఆట ఉండకూడదు. పాత తుప్పు బోల్టులు వాడొద్దు, 10.9 గ్రేడువి కొత్తవి తెచ్చి లాక్‌నట్లతో, టార్క్ రెంచితో బిగించండి. మొదటిసారి రోడ్డెక్కి వచ్చాక మళ్లీ అన్నీ తిప్పి చూడండి. కొత్తగా కూర్చున్న చోట కాస్త సర్దుకుంటాయి.

వెనక చక్రం తిన్నగా ఉందో లేదో దారంతో చూడండి. వెనక టైరు రెండు పక్కల నుంచి ముందు టైరు దాకా దారం లాగితే, ముందు టైరుకు రెండు పక్కలా ఒకే సందు రావాలి. తర్వాత చైన్ వరస. చైన్ ఎలాగూ పాతది చాలదు, కొత్తది పూర్తి పొడవుది కొనండి. రెండు ముక్కలు కలపొద్దు. వెనక డ్రమ్ బ్రేక్ అయితే టార్క్ ఆర్మ్ (బ్రేక్ ప్లేటు తిరక్కుండా ఆపే కడ్డీ) హార్డ్‌టెయిల్‌కు గట్టిగా పట్టుకోవాలి. దాన్ని వదిలేసి బ్రేక్ తొక్కితే లోపలి ప్లేటు చక్రంతో పాటు తిరిగి చక్రం పట్టేస్తుంది.

వైరింగ్ బాబాయ్

ముక్కు లేస్తోంది కాబట్టి ఇంజిన్ కూడా వెనక్కి వాలుతుంది. ఆయిల్ గేజీ చూసేటప్పుడు అది గుర్తుంచుకో, కార్బ్యురేటర్ ఫ్లోట్ లెవెల్ కూడా సరిచూసుకో. హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది, దించాలి. సైడ్ స్టాండ్ పొట్టి అయిపోయి బండి మరీ వాలుతుంది, దాని కింద చిన్న ప్యాడ్ వెల్డ్ చేయించు. అది విప్పేయగల ముక్కే, నీ ఒట్టు పోదు. ఇంకోటి, ఇవన్నీ మొదలుపెట్టకముందే మీ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ వాళ్లను అడుగు. కిట్ డబ్బు కట్టేశాక అడిగితే లాభం లేదు.

కిక్‌రాజా

రేపే అడుగుతా బాబాయ్. మౌంట్ల దగ్గర పెయింటు గీకాను, పగుళ్లు ఏమీ కనబడలేదు. కుడివైపు బోల్టు రంధ్రం మాత్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగింది. బుష్ వేయిస్తే సరిపోతుందా?

తుప్పు స్పానర్

సరిపోతుంది, కానీ రంధ్రాన్ని గుండ్రంగా రీమ్ చేయించి స్టీలు బుష్ గట్టిగా దిగేలా వేయించండి. ముందు హార్డ్‌టెయిల్ తెచ్చి పెట్టి, ఎడమవైపు బోల్టు తోశాక కుడివైపు ఎక్కడ పడుతుందో చూసి అప్పుడు రీమ్ చేయించండి.