తెల్ల కొంగ ఈకలు కాలిపోతున్నాయి: మీటరింగ్ మీరెలా నేర్చుకున్నారు?

కొల్లేటిగట్టు
అందరికీ నమస్కారం. నా దగ్గర నికాన్ డీ5600, 70-300 లెన్స్ ఉన్నాయి. కొని ఏడాదయింది. పోయిన ఆదివారం పొద్దున్నే కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళాను. ఏడున్నరకి ఎండ పక్క నుంచి పడుతోంది. గట్టు నీడలో నీళ్ళు దాదాపు నల్లగా ఉన్నాయి, వాటి ముందు ఒక తెల్ల కొంగ ఎండలో కదలకుండా నిలబడింది. ఇంతకంటే మంచి అవకాశం దొరకదనుకున్నా.

"తెలుపుకి ప్లస్, నలుపుకి మైనస్" అని ఎక్కడో చదివాను కాబట్టి కాంపెన్సేషన్ (కెమెరా లెక్క కంటే వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 1 పెట్టి నలభై ఫ్రేములు తీశాను. ఇంటికొచ్చి చూస్తే ముక్కు, కన్ను, కాళ్ళు తప్ప ఏమీ లేవు. ఒళ్ళంతా కాగితం కత్తిరించి అతికించినట్టు ఉంది, ఒక్క ఈక కూడా విడిగా కనబడదు. ఎఫ్/6.3, ఐఎస్ఓ 400, షట్టర్ 1/320. మ్యాట్రిక్స్ మీటరింగ్, అంటే ఫ్రేము మొత్తం వెలుగు కొలిచే పద్ధతి. అన్నీ జేపెగ్‌లే, కెమెరా తనే తయారుచేసి ఇచ్చే ఫొటోలు. ఎడిటింగ్‌లో హైలైట్స్ ఎంత తగ్గించినా బూడిద రంగు వస్తోంది తప్ప ఈకలు రావడం లేదు. ఆ సూత్రమే తప్పా, నేనే తప్పుగా అర్థం చేసుకున్నానా?

నౌపడఉప్పు
సూత్రం తప్పు కాదు తమ్ముడూ, సగమే చెప్పారు నీకు. ఫ్రేము నిండా తెలుపు ఉంటేనే ప్లస్. నీ ఫ్రేములో కొంగ ఎంత? పదో వంతు ఉంటుందేమో. మిగతా అంతా నల్లటి నీళ్ళు. మీటరుకి అది కొంగ అని తెలియదు. తన మీద పడే వెలుగునంతా కలిపి చూసి, మొత్తం ఒక మధ్యస్థం బూడిద రంగుకి రావాలని లెక్క వేస్తుంది. 18 శాతం గ్రే అంటారే, దాదాపు అది. నీళ్ళు నల్లగా ఉన్నాయి కాబట్టి వాటిని బూడిద చేయాలని అప్పటికే ఎక్స్‌పోజర్ పెంచేసింది. దాని మీద నువ్వు ఇంకో స్టాప్ పెంచావు, అంటే వెలుగు రెట్టింపు చేశావు.

నాది శ్రీకాకుళం వైపు. నేను దీన్ని ఒకే రోజులో నేర్చుకున్నాను. మార్చి మొదట్లో పొద్దున తెలినీలాపురం వెళ్ళి పక్షుల్ని తీసి, ఎండెక్కాక నౌపడ ఉప్పు మడులకి వెళ్ళాను. మడుల్లో ఫ్రేము నిండా ఉప్పు కుప్పలే. కెమెరా చెప్పినట్టు తీస్తే ఉప్పు కాస్తా పొయ్యిలో బూడిదలా వచ్చింది. ప్లస్ 1.7 పెడితేగానీ ఉప్పు ఉప్పులా లేదు. దానికి రెండు గంటల ముందు చిత్తడిలో తీసిన తెల్ల కొంగకి మైనస్ 1.3 కావాల్సి వచ్చింది. అదే కెమెరా, అదే రోజు, రెండూ తెలుపే. అప్పటి నుంచి "ఇది తెలుపా నలుపా" అని కాదు, "ఫ్రేములో ఏది ఎక్కువుంది" అని చూసుకుంటున్నాను.

ఒక్కటి గుర్తుంచుకో. మ్యాట్రిక్స్ మీటరింగ్ వట్టి సగటు కాదు, ఫోకస్ ఎక్కడుందో కూడా చూసుకుంటుంది, ఒక్కో మోడల్‌లో ఒక్కోలా ఉంటుంది. నా మైనస్ 1.3 నీకు మైనస్ 1.7 కావచ్చు.

నీలిరేయి
కొల్లేటిగట్టు గారూ, మీ అంకెలతోనే చూద్దాం. ప్లస్ 1తో 1/320 వచ్చిందంటే కెమెరా అసలు చెప్పింది 1/640. పొద్దుటి ఎండలో ఐఎస్ఓ 400, ఎఫ్/6.3 దగ్గర తెల్ల పక్షికి నేనైతే 1/2000తో మొదలుపెడతాను. అంటే మీరు రెండున్నర స్టాపులకి పైగా ఎక్కువ ఇచ్చారు. జేపెగ్‌లో అంత ఎక్కువైతే ఈక వివరం అసలు రికార్డే కాదు. లేనిదాన్ని ఎడిటింగ్ తీసుకురాలేదు, అందుకే మీకు బూడిద రంగు వస్తోంది.

నా సలహా, పక్షులకి మాన్యువల్‌కి మారండి. ఎండ స్థిరంగా ఉన్నంతసేపు కొంగ మీద పడే వెలుగు మారదు. అది నల్ల నీళ్ళ ముందు నిలబడినా, ఎగిరి ఆకాశం ముందుకి వచ్చినా ఈకల మీద ఎండ ఒకటే. మారేది వెనక ఉన్నదే, మీటరు దాన్ని చూసి తడబడుతుంది. ఒకసారి సరైన అంకె పట్టుకుంటే ఇక మీటరు వైపు చూడక్కర్లేదు. ఆటో ఐఎస్ఓ మాత్రం తప్పకుండా ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే మీరు మాన్యువల్ అనుకుంటారు, కెమెరా మాత్రం వెనక నుంచి ఎక్స్‌పోజర్ మారుస్తూనే ఉంటుంది. నాకు ఇది తెలియక ఒక సీజన్ మొత్తం పోయింది.

అంకె పట్టుకోవడం ఎలాగంటే, స్పాట్ మీటరింగ్ పెట్టండి, అది ఫ్రేములో చిన్న చోటు వెలుగునే కొలుస్తుంది. మీ డీ5600లో స్పాట్ ఫ్రేములో రెండున్నర శాతం దాకా ఉంటుంది, మీరు ఎంచుకున్న ఫోకస్ పాయింట్‌తో పాటు కదులుతుంది. (చాలా కెనాన్ బాడీల్లో అది మధ్యలోనే ఉంటుంది, వాళ్ళు మధ్యలో కొలిచి తర్వాత ఫ్రేము సర్దుకోవాలి.) ఎండ పడుతున్న ఈకల మీద స్పాట్ పెట్టి, స్కేలు మీద సూచిక ప్లస్ 1.7 దగ్గర నిలిచేలా షట్టర్ తిప్పండి. అప్పుడు ప్లస్సే, ఎందుకంటే స్పాట్ నిండా తెలుపే ఉంది కదా. ఒక ఫ్రేము తీసి బ్లింకీలు (కాలిపోయిన చోట స్క్రీన్ మీద మెరిసే హెచ్చరిక) చూడండి. ఈకల మీద మెరిస్తే షట్టర్ ఒక క్లిక్ పెంచండి.

మబ్బు అడ్డం వస్తే మళ్ళీ కొలవాలి.

కొల్లేటిగట్టు
అక్కా, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు చాలా థాంక్స్. బ్లింకీలు ఆన్ చేసుకున్నాను, ప్లేబ్యాక్ మెనూలో డిస్‌ప్లే ఆప్షన్స్‌లో హైలైట్స్ దగ్గర టిక్ పెడితే వచ్చింది. పాత ఫ్రేములు చూస్తే కొంగ మొత్తం నల్లగా, తెల్లగా మెరుస్తోంది. అక్కడే చూసుకుని ఉంటే బాగుండేది.

ముహూర్తంకెమెరా
నాది పెళ్ళిళ్ళ పని, రాజమండ్రి. పక్షులకి ఎండ ఒక్కటే, మాకు మండపంలో పది రకాల వెలుగులు. తెలుగు పెళ్ళిలో నన్ను అన్నిటికంటే టెన్షన్ పెట్టేవి మధుపర్కాలు. తెల్ల నూలు చీర, ఎర్ర అంచు, పక్కనే వరుడి తెల్ల పంచె, ఎదురుగా వీడియో వాళ్ళ లైటు. మొదటి సంవత్సరాల్లో ఒక పెళ్ళి ఆల్బమ్ ఇచ్చాక వధువు తండ్రి జీలకర్ర బెల్లం ఫొటో మీద వేలు పెట్టి, "బాబూ, ఈ చీర మా ఊరి మగ్గం మీద నేయించాం, నేతే కనబడట్లేదే" అన్నారు. ఆయన కోప్పడలేదు. ఆ మాట ఇప్పటికీ నాకు గుర్తే. భుజం మీద నుంచి మోకాలి దాకా అచ్చ తెలుపు, ఒక్క మడత లేదు.

తర్వాత హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ ఉన్న బాడీకి మారాను. నికాన్‌లో అది 2014లో డీ810తో వచ్చింది, స్పాట్ గుర్తు పక్కన చిన్న నక్షత్రం ఉంటుంది. ఫ్రేములో అన్నిటికంటే వెలుగున్న చోటు కాలిపోకుండా చూస్తుంది. సోనీలో కూడా కొన్ని మోడళ్ళకి హైలైట్ మోడ్ ఉంది. అయితే దాన్ని అలాగే వదిలేస్తే దీపం మంటనీ, నగల మెరుపునీ కూడా కాపాడాలని చూస్తుంది, ముఖాలు చీకటైపోతాయి. అందుకని నేను ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 దాకా ఇస్తాను. దీపం మంట కాలిపోతే కాలిపోనీ, వడ్డాణం రాయి మీద తళుకు కూడా తెల్లగానే ఉండాలి. చీర నేత పోకూడదు, నుదుటి మీద, బుగ్గ మీద వెలుగు పేలిపోకూడదు. ఏది వదిలేయాలో ముందే అనుకుంటే తలంబ్రాల హడావుడిలో చెయ్యి తడబడదు.

కెనాన్ వాళ్ళకి హైలైట్ టోన్ ప్రయారిటీ అని ఉంది, స్క్రీన్ మీద డీ ప్లస్ అని పడుతుంది. అది మీటరింగ్ మోడ్ కాదు. కాస్త తక్కువ ఎక్స్‌పోజ్ చేసి నీడల్ని పైకి లాగే పద్ధతి. సాధారణంగా ఐఎస్ఓ 200 నుంచే మొదలవుతుంది, అది చూసి కంగారు పడకండి.

న్యూజెర్సీపల్లె
ఇక్కడ మంచు పడితే పిల్లల ఫొటోలకి ప్లస్ 1.3 తప్పదు, నౌపడ ఉప్పు లెక్కే. కానీ ఒక ప్రశ్న. ఇప్పటి సెన్సర్లు చాలా మంచివి కదా, ఎప్పుడూ మైనస్ 2లో రా (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) తీసేసి తర్వాత షాడోలు లాగేస్తే, అంటే ఎడిటింగ్‌లో చీకటి భాగాల్ని వెలిగిస్తే సరిపోదా? ఇన్ని లెక్కలెందుకు?

నీలిరేయి
నేను ఒప్పుకోను. ఐఎస్ఓ 100లో ఒక స్టాప్ లాగితే నడుస్తుంది, రెండూ నడవవచ్చు. మండపంలో ఐఎస్ఓ 3200లో రెండు స్టాపులు లాగి చూడండి, పట్టుచీర మడతల్లో ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది. సెన్సర్ మీద పడే కాంతి తగ్గితే నాయిస్ కనబడక తప్పదు. 14 బిట్ రాలో ఒక్కో రంగుకి 16,384 వెలుగు మెట్లుంటే పై స్టాప్ ఒక్కటే అందులో సగం తీసుకుంటుంది. అందుకే కాలిపోకుండా వీలైనంత పైకి తీయడమే నాకిష్టం. ఎగిరే పక్షికి మాత్రం మూడో వంతు స్టాప్ తక్కువే పెడతాను, అది రెక్క తిప్పినప్పుడు ఎండ నేరుగా తగులుతుంది.

మిర్చియార్డు
ఎరుపు గురించి ఎవరూ చెప్పలేదు. గుంటూరు పక్క కల్లాల్లో మిర్చి ఆరబోసినప్పుడు తీస్తుంటాను. మామూలు హిస్టోగ్రామ్ (ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) చూస్తే కుడివైపు ఇంకా ఖాళీ ఉంటుంది, బ్లింకీలు కూడా లేవు. ఇంటికొచ్చి చూస్తే కాయ మీద ముడత లేదు, మెరుపు లేదు, అంతా ఎర్ర రంగు పూసినట్టు. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ విడివిడిగా పెట్టుకుని చూస్తే ఎరుపు ఒక్కటే కుడి గోడకి గుద్దుకుని ఉంది. ముహూర్తంకెమెరా అన్నా, మీ మధుపర్కాల ఎర్ర అంచుకీ ఇదే జరుగుతుంది, ఒకసారి చూడండి.

ఇంకో సంగతి. రా తీసినా కెమెరా చూపించే హిస్టోగ్రామ్, బ్లింకీలు జేపెగ్‌వే. వైట్ బ్యాలెన్స్ కోసం ఎరుపుని పెంచి, పిక్చర్ కంట్రోల్ (జేపెగ్ రంగులెలా ఉండాలో చెప్పే సెట్టింగ్) వివిడ్‌లో ఉంటే దాన్ని ఇంకా పెంచి, అప్పుడు చూపిస్తుంది. ఎండలో తీసిన మిర్చికి చాలాసార్లు జేపెగ్‌లో పోయిన ఎరుపు రాలో ఉండనే ఉంది. నేను పిక్చర్ కంట్రోల్ న్యూట్రల్‌లో పెట్టేశాను. స్క్రీన్ మీద ఫొటో చప్పగా ఉంటుంది కానీ హిస్టోగ్రామ్ నిజానికి దగ్గరగా ఉంటుంది.

ముహూర్తంకెమెరా
నిజమే మిర్చియార్డు గారూ. నిన్న రాత్రి పాత పెళ్ళి ఒకటి తెరిచి చూశాను. చీర తెలుపు బాగానే ఉంది, అంచులో జరీ గీత ఎరుపులో కలిసిపోయింది. రా ఫైల్లో ఆ గీత ఉంది. ఈ వారం ఆ ఫొటోలు మళ్ళీ చేసి ఇస్తాను.

కొల్లేటిగట్టు
మళ్ళీ ఆటపాక వెళ్ళొచ్చాను. రా, న్యూట్రల్, మాన్యువల్, ఆటో ఐఎస్ఓ ఆఫ్. అదే గట్టు, అదే వేళ. ఈకల మీద స్పాట్ పెట్టి ప్లస్ 1.7కి తెస్తే 1/2000 వచ్చింది, అక్క చెప్పిన అంకే. మొదటి ఫ్రేములో భుజం దగ్గర చిన్న మచ్చ మెరిసింది, 1/2500 చేశాను, పోయింది. కొంగ మెడ వంచినప్పుడు మెడ మీద వెంట్రుకల్లాంటి సన్నటి ఈకలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. రెక్క అంచున పల్చగా ఉన్న చోట ఎండ లోపలి నుంచి వస్తోంది. వెనక నీళ్ళు పూర్తిగా నల్లబడ్డాయి, అదే బాగుంది.

ఒకే సమస్య, ఎనిమిదిన్నరకి గూడబాతు ఒకటి నీడలోకి వచ్చింది, అంకె మార్చడం మర్చిపోయాను. అది చీకటైపోయింది.

నౌపడఉప్పు
దానికి నేను చేసేది చెప్తా. వెళ్ళగానే ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి కొలిచి, రెండింటికీ షట్టర్ ఎన్ని క్లిక్కులు తేడానో చూసుకుంటా. నీ కెమెరాలో క్లిక్‌కి మూడో వంతు స్టాప్. రెండు స్టాపుల తేడా ఉంటే ఆరు క్లిక్కులు. పక్షి నీడలోకి వెళ్ళగానే కన్ను వ్యూఫైండర్‌లోనే ఉంచి ఆరు తిప్పేయ్, బయటికొస్తే ఆరు వెనక్కి.