అప్‌డేట్: వాల్యూమ్ కంట్రోల్‌కి సరైన రోటరీ స్విచ్ దొరికింది

నేను కట్టుకున్న స్టీరియో యాంప్‌లో వాల్యూమ్ బాగా తగ్గిస్తే పాట ఎడమవైపుకి జరిగిపోతోందని, పాట్ (వాల్యూమ్ నాబ్ వెనకుండే వేరియబుల్ రెసిస్టర్) తీసేసి రోటరీ స్విచ్, రెసిస్టర్లు పెట్టాలంటే ఏ స్విచ్ కొనాలని పోయిన నెల అడిగాను కదా. పని పూర్తయింది.

మొదట గవర్నర్‌పేటలో కొన్న స్విచ్ తిప్పినప్పుడల్లా స్పీకర్‌లో టప్పుమనేది. అది పాత కాంటాక్ట్‌ని వదిలాకే కొత్తదాన్ని పట్టుకునే రకం. ఆ మధ్యలో యాంప్ ఇన్‌పుట్ క్షణంపాటు దేనికీ అంటకుండా ఉండిపోతుంది. మనకు కావలసింది కొత్తది అందుకున్నాకే పాతది వదిలే షార్టింగ్ రకం.

రెండోసారి మల్టీమీటర్ పట్టుకెళ్ళాను. బీప్ మోడ్‌లో (ప్రోబుల మధ్య కనెక్షన్ ఉంటే మోగుతుంది) పెట్టి, పక్కపక్కనున్న రెండు కాంటాక్టులకి ప్రోబులు ఆనించి, నాబ్ చాలా నెమ్మదిగా తిప్పాను. సరిగ్గా రెంటి మధ్యలో ఉండగా బీప్ వచ్చింది, అంటే రెంటినీ ఒకేసారి పట్టుకుంది, షార్టింగ్ రకమే. ఎంత ఆనందమేసిందో! 2 పోల్ (ఎడమ, కుడి ఛానెళ్ళకి చెరొకటి), 12 స్థానాలది, అదే కొన్నాను.

ఒక్కో మెట్టుకి శబ్దం 4 డెసిబెల్స్ చొప్పున 40 దాకా తగ్గుతుంది, చివరి స్థానం మ్యూట్. ఒక్కో ఛానెల్‌కి రెసిస్టర్లన్నీ కలిపి 10 కిలోఓంలు, అన్నీ 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లే. అందులో పై మెట్టు ఒక్కటే దాదాపు 3.7 కిలోఓంలు.

రాత్రిపూట వినడానికి 4 డెసిబెల్స్ కాస్త పెద్ద మెట్టే. 24 స్థానాలది దొరికితే 2కి మారుస్తాను. కానీ ఇప్పుడు ఎంత తగ్గించినా గొంతు నడిమధ్యనే నిలబడుతోంది. బీప్ చిట్కా చెప్పిన అన్నకి చాలా థ్యాంక్స్.