అప్‌డేట్: ఇసుజు అంబాసిడర్ గేర్‌బాక్స్ రివర్స్ స్విచ్ దొరికింది

నా ఇసుజు ఇంజిన్ అంబాసిడర్‌కి న్యూట్రల్‌లోనూ రివర్స్ లైటు ఆరట్లేదు, దాన్ని వెలిగించే గేర్‌బాక్స్ స్విచ్ సరైనది ఎలా ఎంచుకోవాలని ఇంతకుముందు అడిగాను. విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది. బండి పేరు చెబితే చాలదండీ, పాత స్విచ్ పట్టుకెళ్ళండి. 1.25, 1.5 మి.మీ. పిచ్ (మర చుట్ల మధ్య దూరం) మరలు కంటికి ఒకేలా కనిపిస్తాయి. తప్పుది స్పానర్‌తో బిగిస్తే గేర్‌బాక్స్ అల్యూమినియం కేసులో మరలు పోతాయి. ముందు చేత్తోనే నాలుగు చుట్లు తేలిగ్గా తిరగాలి.

స్విచ్ రెండు టెర్మినళ్ళకు మల్టీమీటర్ పెడితే, స్విచ్ కొనమీది పిన్ను నొక్కినప్పుడే బీప్ రావాలి. కొన్ని గేర్‌బాక్సులకు ఉల్టా ఉంటుంది.

అసలు కీలకం స్విచ్ కింద వేసే వాషర్ మందం. పల్చనిదైతే పిన్ను న్యూట్రల్‌లోనే నొక్కుకుపోయి లైటు ఆరదు. మందమైతే రివర్స్ వేసినా వెలగదు. పాతదాని మందమే వేయండి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ చూపిస్తే మాత్రం వద్దనండి, అది ఆయిల్ ఒత్తిడికే పనిచేస్తుంది. రెండు 21 వాట్ల రివర్స్ బల్బులు 12 వోల్టుల దగ్గర 3.5 ఆంపియర్లు లాగుతాయి, అంత కరెంటుకు అది తట్టుకోదు.