అప్‌డేట్: హిమాలయన్‌కి లైట్లు, బ్యాగులు, క్రాష్ గార్డ్

నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు మీద నల్గొండ నుంచి శ్రీశైలం వెళ్లాలి, ఫాగ్ లైట్లు వేయిస్తే బ్యాటరీ దిగిపోతుందా, సామాన్లకు పక్కల తగిలించే ఇనుప పెట్టెలు అవసరమా అని అడిగాను కదా. వెళ్లొచ్చాను.

ముందు ఇక్కడి మెకానిక్ ఫాగ్ లైట్లను నేరుగా హెడ్‌లైట్ వైరుకే కలిపేశాడు. రెండో రోజుకే స్విచ్ వేడెక్కింది. మీరు చెప్పినట్టు అంతా విప్పించి, బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్), ఫ్యూజ్ పెట్టించాను. రెండూ కలిపి 40 వాట్లు, అంటే 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లలోపే. 5 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోయింది. రిలేను ఇగ్నిషన్‌కు కలిపాం కాబట్టి తాళం తిప్పి బండి ఆపేస్తే లైట్లూ ఆరిపోతాయి. బ్యాటరీ టెన్షన్ లేదిక.

ఇనుప పెట్టెలు మానేసి మెత్తటి బ్యాగులు తీసుకున్నాను. దేవరకొండ దాటాక గేదెల మంద మధ్య నుంచి దూరినప్పుడు, పెట్టెలైతే వాటికి తగిలేవి, మంచి పనే చేశాననిపించింది. కాకపోతే కుడివైపు బ్యాగు సైలెన్సర్‌కు తగిలి అంచు కాలింది. మధ్యలో రేకు కట్టించాను.

డిండి దగ్గర స్టాండ్ మట్టిలో దిగి బండి ఒరిగింది. క్రాష్ గార్డ్‌కు (బండి పడితే దెబ్బ తనమీద తీసుకునే కడ్డీ) గీతలు పడ్డాయి, ట్యాంకుకు ఏమీ కాలేదు.

తమాషా ఏంటంటే, మన్ననూరు దగ్గర అడవి దారి రాత్రి 9కి మూసేస్తారని పగలే దాటేశాం. లైట్లు వేసే పనే పడలేదు!