46 సైజు కార్సెట్ బ్లౌజు, శాటిన్ స్లిప్పు: మామూలు రోజుల్లో వేసుకోవడం ఎలా?

పాలకొల్లు టీచరమ్మ:
నమస్తే అండి. మా పిన్ని కూతురి సంగీత్‌కి అక్కచెల్లెళ్ళమంతా నలుపు అనుకున్నాం. నా ఛాతీ 46 అంగుళాలు, దాని కింద చుట్టు 41. షాపులో కుర్రాడు నా సైజు వినగానే అటక మీదున్న ఇంకో కుర్రాడికి "నలభై రెండు దాటి ఏమైనా ఉన్నాయా" అని వీధంతా వినబడేలా అరిచాడు. ఉన్నది తెలుపూ, స్కిన్ కలరే. వచ్చేసి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. బోన్లున్న (అంటే లోపల గట్టి పుల్లలు కుట్టిన) కార్సెట్ బ్లౌజు, లోపల వేసుకునే లేసు అంచున్న పొడవాటి శాటిన్ స్లిప్పు కలిపి 4,600 అయింది, ఒక్క సాయంత్రానికి. బీరువా తలుపు తీసినప్పుడల్లా మా అత్తగారు "ఆ నాటకాల బట్టలు ఇంకా ఉన్నాయా" అంటారు.

పోనీ వాడదామని నేత చీర మీద బెల్టులా ఆ కార్సెట్ కట్టుకుని స్కూలుకి వెళ్ళాను. స్టాఫ్ రూంలో ఒకావిడ "ఏమ్మా, నడుం నొప్పా?" అని అడిగింది. నిజంగానే జాలిపడింది, అదీ బాధ. స్లిప్పు కుర్తా కింద వేస్తే మూడో పీరియడ్‌కి ఒంటికి అతుక్కుపోయింది. రోజూ పనికొచ్చేలా వీటిని ఏం చెయ్యొచ్చు?

అమలాపురం మిషను:
ఇరవై ఏళ్ళుగా కుడుతున్నానండి. పైన కట్టకండి, దాన్నే బ్లౌజుగా వేసుకోండి. కింద అంచు కుట్టు విప్పితే బోన్లు జారి వచ్చేస్తాయి. ముందువి తీసెయ్యండి, పక్కల ఒక్కోటి ఉంచండి. అన్నీ తీస్తే గుడ్డ ముడుచుకుని నడుం దగ్గర చుట్టుకుపోతుంది. టీచరంటున్నారు కదా, బోర్డు మీద రాయాలంటే చెయ్యి లేవాలి. అందుకని చంకలో చదరపు ముక్క వేయించి, మోచేతి దాకా టూ బై టూ గుడ్డతో చేతులు కుట్టించుకోండి. నల్ల గుడ్డ ముందు తడిపి చూడండి, రంగు దిగుతుంది. మా దగ్గరి బండారులంక నేత చీరల మీదకి నలుపు బాగుంటుంది.

ఇంకోటి. బ్రా కొనేటప్పుడు ఛాతీ కింద చుట్టు కొలత నిలబడీ, కూర్చునీ రెండుసార్లు తీసుకోండి. లావుగా ఉన్నవాళ్ళకి కూర్చుంటే పెరుగుతుంది. బరువు మోయాల్సింది అక్కడ చుట్టూ ఉండే పట్టీయే కానీ భుజం మీద తాళ్ళు కాదు. భుజాల మీద గాడి పడుతోందంటే పట్టీ వదులైందని. మీ రెండు కొలతలకీ 5 అంగుళాలు తేడా ఉంది, 42 పట్టీలో పెద్ద కప్పు అడగండి. ఊరికే 46 అడిగితే వీపు మీదకి ఎక్కి కూర్చుంటుంది.

భీమవరం చేపలచెరువు:
మన ఉక్కకి పాలిస్టర్ శాటిన్ చెమట పీల్చదండి, ఎవరేం చెప్పినా. నేనైతే అలాంటి స్లిప్పుని నడుం దగ్గర కత్తిరించి, పై భాగానికి బదులు కాటన్ బనీను గుడ్డ అతికించాను. కింద శాటిన్ లంగా, పైన పల్చటి చికన్ కుర్తా, కుర్తా కింద నుంచి లేసు నాలుగు వేళ్ళు కనబడుతుంది. తొడలు ఒరుసుకుంటే లోపల మోకాళ్ళ దాకా కాటన్ షార్ట్స్ వేసుకోండి. పౌడర్ మధ్యాహ్నానికి ముద్దైపోతుంది.

లంకలో ఉంటా:
ఎందుకండీ కోతలు. అలాగే ఉంచి ఇంకో పెళ్ళికి వేసుకోండి.

భీమవరం చేపలచెరువు:
ఇంకో పెళ్ళికి మళ్ళీ కొత్త రంగంటారు కదండీ.

నరసాపురం దారం:
స్లిప్పుకి ఉండే మిషను మీద చేసిన లేసు ఉతికితే పీచు లేస్తుంది. మా వైపు ఆడవాళ్ళు ఇళ్ళల్లో కొక్కెంతో అల్లే లేసు వేయించండి, 2024లో దానికి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. నూలుది కదా, కుట్టే ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి. లేకపోతే మొదటి ఉతుక్కే కుంచించుకుపోయి అంచు పైకి లాగేస్తుంది.

పాలకొల్లు టీచరమ్మ:
బ్లౌజు అయిందండి! చేతులకి 350 తీసుకున్నారు. నిన్న వేసుకెళ్ళి బోర్డు పై వరస దాకా రాశాను. ఆ నడుం నొప్పి ఆవిడే ఎక్కడ కుట్టించావని అడిగింది. స్లిప్పు ఇంకా కత్తెర దాకా రాలేదు, ధైర్యం చాలట్లేదు. తీసిన బోన్లు ఆరూ మావాడు పట్టుకుపోయాడు, సంక్రాంతికి జగ్గన్నతోటలో ఊరేగించే ప్రభ లాంటి బొమ్మ కడతాడట. మా అత్తగారే రంగు కాగితాలు అంటిస్తున్నారు.